పెళ్లి డీవీడీని ఎంతవరకు కుదించవచ్చు?

ప్రశ్న: 2005లో జరిగిన మా పెళ్లి వీడియోను స్టూడియో వారు మూడు డీవీడీల్లో ఇచ్చారు. ఇంట్లో ప్లేయర్ ఎప్పుడో పాడైపోయింది, కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. మా అబ్బాయి పాత కంప్యూటర్‌లో మొదటి డిస్కును 700 ఎంబీ ఫైలుగా మార్చి టీవీలో చూపించాడు. కూర్చున్నవాళ్లు బాగానే కనిపిస్తున్నారు కానీ, తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి బొమ్మంతా గళ్లు గళ్లుగా చెదిరిపోతోంది. చేతులు కదిలిన ప్రతిసారీ అంచుల వెంట అడ్డగీతలు కూడా వస్తున్నాయి. పాడైంది డిస్కా, లేక మార్చడంలో పొరపాటు జరిగిందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అదే డిస్కును ఆ పాత కంప్యూటర్‌లో నేరుగా పెట్టి తలంబ్రాల ఘట్టం చూడండి. అక్కడ బొమ్మ శుభ్రంగా ఉంటే డిస్కుకు ఏమీ కాలేదని అర్థం. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మార్చడంలోనే రెండు వేర్వేరు పొరపాట్లు జరిగినట్టు తోస్తోంది.

మొదటిది ఆ 700 ఎంబీ. సినిమాను ఎలాగైనా ఒక్క సీడీలో పట్టించాలని తంటాలు పడిన రోజుల నాటి అంకె అది. పెన్ డ్రైవ్‌లో వేసుకునే ఫైలుకు దానితో పనే లేదు. నిండుగా ఉన్న డీవీడీ 4.7 జీబీ, నిడివి రెండు గంటలు అనుకుంటే సెకనుకు సుమారు 5,200 కిలోబిట్లు (సమాచారపు కొలత) ఖర్చవుతాయి. అదే రెండు గంటలను 700 ఎంబీలోకి దించితే సెకనుకు దక్కేవి దాదాపు 780 మాత్రమే, అందులోనూ శబ్దం వాటా తీసేయాలి. హెచ్.264 అనే కుదింపు పద్ధతి డీవీడీలోని ఎంపెగ్-2 పద్ధతి కంటే పొదుపైనదే అయినా, రెండింటిలోనూ పొదుపు ఎక్కువగా ముందు ఫ్రేమునుంచి (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మ ఒక ఫ్రేము) మారిన భాగాన్ని మాత్రమే రాసుకోవడం వల్ల వస్తుంది. వరుసగా కుర్చీల్లో కూర్చున్న బంధువులు పెద్దగా కదలరు కాబట్టి అక్కడ ఆ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. తలంబ్రాల దగ్గర ఒక్కొక్క బియ్యపు గింజ ఒక్కో దారిన పడుతుంది, పైగా ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ బొమ్మ మొత్తం వెలుగు మారిపోతుంది; ముందు ఫ్రేము ఎందుకూ కొరగాని ఆ క్షణంలో చేతిలో బిట్లు లేని ఎన్‌కోడర్ (కుదించే ప్రోగ్రాము) వివరాలు వదిలేసి గళ్లు మిగులుస్తుంది.

అందువల్ల సైజును ముందే నిర్ణయించకండి, నాణ్యతను నిర్ణయించండి. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు ఆర్ఎఫ్ అనే అంకె ఉంటుంది: అది తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైలు సైజూ పెరుగుతాయి. డీవీడీ స్థాయి బొమ్మకు 18 నుంచి 22 వరకు సరిపోతుంది; నా మట్టుకు నేను పెళ్లి వీడియోలకు 20 దాటనివ్వను. మొత్తం డిస్కును ఎక్కించి రాత్రంతా ఎదురుచూసే ముందు, తలంబ్రాలున్న ఒక్క నిమిషాన్ని మాత్రం మార్చి మీ టీవీలోనే చూడండి. అక్కడ నిలబడిన అంకె మిగతా పెళ్లంతటికీ సరిపోతుంది.

రెండోది అడ్డగీతల సంగతి. ఆనాటి వీడియో కెమెరాలు మన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి: ఒకసారి బేసి గీతలు, మరుసారి సరి గీతలు. డీవీడీ ఆ రెండు సగాలను కలిపి సెకనుకు 25 ఫ్రేములుగా దాస్తుంది. పాత డబ్బా టీవీ వాటిని తీసిన వరుసలోనే ఒకదాని తర్వాత ఒకటి చూపేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పటి తెర మీద రెండు సగాలూ ఒకేసారి పడితే, సెకనులో యాభయ్యో వంతు వ్యవధిలో కదిలిన చెయ్యి అంచు దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. దీన్ని కుదించే సమయంలోనే డీఇంటర్‌లేస్ చేసి, అంటే ఆ రెండు సగాలను విడదీసి, సరిదిద్దాలి. ఆ గీతలతో సహా కుదించేశాక వాటిని శుభ్రంగా విడదీయడం కష్టం. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీకాంబ్ ఎంచుకుని, అందులో బాబ్ అనే అమరిక పెడితే 50 కదలికలూ విడివిడిగా నిలిచి చేతులు సాఫీగా కదులుతాయి. ఫైలు కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని మాత్రం మార్చకండి. 4:3లో తీసిన పెళ్లిని వెడల్పు టీవీ నిండా సాగదీస్తే పెళ్లికూతురు అకారణంగా లావెక్కుతుంది.

ఈ పనులన్నిటికంటే ముందు చేయవలసింది మరొకటుంది. స్టూడియోలో రాసిన డిస్కులో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద, అది ఏళ్లు గడిచేకొద్దీ క్షీణిస్తుంది. కనుక మూడు డిస్కుల్లోని వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టుగా హార్డ్ డిస్క్‌లోకి, వీలైతే రెండు చోట్లకు, కాపీ చేసుకోండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును మరొకటి చదవడం మామూలే కాబట్టి మొదటిసారి మొరాయిస్తే నిరాశపడకండి. మార్చేటప్పుడు అందులో వీడియో ఉండే ఒక్కో వీఓబీ (.VOB) ఫైలును విడిగా ఇవ్వకుండా మొత్తం ఫోల్డర్‌ను చూపించండి. ఆ ఒక్కో జీబీ ముక్కలు డీవీడీ నియమం కోసం చేసినవే తప్ప పెళ్లిలోని ఘట్టాలు కావు. మూడు డిస్కులూ కలిపి 14 జీబీకి అటూఇటూ తేలతాయి, వాటిని తర్వాత చెరిపేయవద్దు. కుదించిన ఫైలు టీవీలో చూడడానికీ, ఊళ్లో లేని బంధువులకు పంపడానికీ. అసలు కాపీలు అలాగే ఉండాలి.

ప్రశ్న: దుకాణంలో కొన్న సినిమా డీవీడీని హ్యాండ్‌బ్రేక్ తెరవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కంపెనీలు అమ్మిన డిస్కుల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను దాన్ని తీయదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుదారుల హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను తప్పించడం రెండేళ్ల వరకు జైలుశిక్షకూ, జరిమానాకూ దారితీసే నేరం. ఆ తాళం తీసే మార్గాలు ఈ శీర్షికలో చెప్పను. ఆ సినిమా అద్దెకో, చందాకో ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు చెప్పిన హరికథలు నాలుగు వీసీడీల్లో (వీడియో సీడీల్లో) ఉన్నాయి. వీటినీ హెచ్.264లోకి కుదించాలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: అక్కరలేదు. వీసీడీ బొమ్మ 352×288 మాత్రమే, ఎంపెగ్-1 పద్ధతిలో సెకనుకు 1,150 కిలోబిట్లతో అది ఇప్పటికే గట్టిగా పిండినది. మళ్లీ పిండితే మిగిలే చోటు తక్కువ, పోయే వివరం ఎక్కువ. డిస్కులోని ఎంపెగ్ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లో ఉండే డాట్ (.DAT) ఫైలును అలాగే కాపీ చేసుకోండి, వీఎల్‌సీ ప్లేయర్ దాన్ని తెరుస్తుంది. టీవీ గుర్తించకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాపీ పద్ధతి వాడి ఫైలు పైతొడుగును మాత్రం ఎంపీజీగా మార్చండి, లోపలి బొమ్మా గొంతూ తాకకుండా ఉంటాయి. కాపీ మధ్యలో ఆగిపోతే ఆశ్చర్యపోకండి: ఎక్కువ నిడివి పట్టించడం కోసం వీసీడీ, మామూలు సీడీల్లో ఉండే దోష సవరణలో ఒక అంచెను వదులుకుంది, అందువల్ల చిన్న గీతకు కూడా తడబడుతుంది. మెత్తని పొడి గుడ్డతో మధ్యనుంచి అంచు వైపు తిన్నగా తుడిచి, గుండ్రంగా తిప్పకుండా, మరో డ్రైవ్‌లో పెట్టి చూడండి.