నేరం చేయలేదనేవాడికి క్షమాభిక్షా?

సందేహం: ఉరిశిక్ష పడినవాళ్ల గురించి పేపర్లలో ‘క్షమాభిక్ష కోరారు’ అని రాస్తారు. నేను ఆ నేరమే చేయలేదు అంటున్న మనిషి క్షమ ఎందుకు అడుగుతాడు? వాళ్ల తరఫున జనం సంతకాలు చేసి పంపేది కూడా క్షమాభిక్షేనా? క్షమాభిక్ష ‘పెట్టారు’ అనాలా, ‘ప్రసాదించారు’ అనాలా? – ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: మీ మొదటి ప్రశ్న వ్యాకరణం కన్నా రాజ్యాంగానికి దగ్గర. కానీ ‘భిక్ష’ అనే మాట ఎత్తాక నన్ను ఆపడం కష్టం.

ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, ‘శిక్ష విద్యోపాదానే’, ‘భిక్ష భిక్షాయామలాభే లాభే చ’ అని రెండు ధాతువులు పక్కపక్కనే ఉంటాయి. రెండోదాని అర్థం చూడండి: భిక్ష అంటే అడగడం, దొరికినా దొరక్కపోయినా. రాష్ట్రపతి భవన్‌కి వెళ్లే అర్జీల సంగతి తెలిసే రాశారా అనిపిస్తుంది. ఆధునిక భాషావేత్తలు ఇంకో మెట్టు దిగి, ‘భిక్ష్’ అసలు ‘భజ్’ ధాతువుకు సన్నంత రూపమంటారు, అంటే ఆ పని చేయాలనే కోరికను చెప్పే రూపం. భజ్ అంటే పంచుకోవడం. భాగం, విభజన అందులోంచి వచ్చినవే. అంటే భిక్ష అడిగేవాడు పుట్టుకలో బిచ్చగాడు కాడు, పంక్తిలో తన వాటా కోరేవాడు. ‘శిక్ష’ కూడా అలాగే ‘శక్’ ధాతువుకు సన్నంతం: చేతనవ్వాలనే కోరిక, అందువల్ల చదువు. హిందీవాళ్లకు శిక్షా ఇప్పటికీ చదువే. మనం మాత్రం దాన్ని జైలుకు పంపాం.

క్షమ అంటే ఓర్పు. భూమికి క్షమ అని పేరు అందుకే. ఓర్చుకోవడానికి ముందు ఒక తప్పు ఉండాలి కాబట్టి మీ అభ్యంతరం న్యాయమైనదే. కేహర్ సింగ్ వ్యవహారంలో చిక్కు సరిగ్గా ఇక్కడే పడింది. ఇందిరాగాంధీ హత్య కేసులో కుట్ర నేరం కింద ఆయనకు ఉరి వేశారు. సాక్ష్యం చాలదని చాలామంది పెద్దలు వాదించారు. రాష్ట్రపతికి వెళ్లిన అర్జీ కూడా ‘తప్పయింది, మన్నించండి’ అనలేదు, నిర్దోషి అంది. సుప్రీంకోర్టు తేల్చినదాన్ని మళ్లీ తిరగేయడం కుదరదని రాష్ట్రపతి తోసిపుచ్చారు. 1988 డిసెంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, రాష్ట్రపతి ఆ సాక్ష్యాన్ని స్వయంగా తూచి కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావచ్చునంది. అర్జీని మళ్లీ చూశారు, మళ్లీ కాదన్నారు. 1989 జనవరి 6న తీహార్‌లో ఉరి తీశారు. ఆ అర్జీలో క్షమ ఎక్కడుంది?

నన్నడిగితే అది ప్రాణభిక్ష. తప్పు చేశాడా లేదా అన్న గొడవ ఆ మాటలో లేదు. ప్రాణం అడుగుతున్నాడు, అంతే. ఒకరి కోసం ఇంకొకరు అడగడానికీ అందులో అడ్డు లేదు, పతిభిక్ష, పుత్రభిక్ష మనకు ఉండనే ఉన్నాయి. కాబట్టి జనం సంతకాలు చేసి పంపేదీ ప్రాణభిక్షే.

ఈ ఘట్టానికి మన భాషలో పోతనను మించినవాడు లేడు. భారతంలో ద్రౌపది అశ్వత్థామ ప్రాణం తీయాల్సిందేనని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. భాగవతం ప్రథమ స్కంధంలో ద్రౌపది వేరు. నిద్రపోతున్న అయిదుగురు కొడుకులను చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, ‘నీ చేతులెట్లాడెనో’ అని వాణ్ణే అడుగుతుంది. నేరం మీద ఆమెకు అనుమానమేమీ లేదు, మెత్తబడనూ లేదు. ఆ వెంటనే వీడి తల్లి ఇంట్లో నాలాగే ఎంత కుములుతోందో అంటుంది. భీముడికి ఒళ్లు మండుతుంది: ‘విడువు మటంచుఁ జెప్పెడిని వెఱ్ఱిది ద్రౌపది’. మీరు చంపకపోతే ‘నా పిడికిటిపోటునన్ శిరము భిన్నము చేసెద’నంటాడు. ఉరి వద్దంటూ సంతకం పెట్టిన ప్రతివాడికీ ఈనాటికీ దక్కే బిరుదు ఆ ‘వెఱ్ఱి’యే. కృష్ణుడు మాత్రం చంపకూడదూ నిజమే, చంపాలీ నిజమే అని పీటముడి వేస్తాడు. చివరికి తల గొరిగి, శిరోమణి ఊడబెరికి, వెళ్లగొట్టారు.

అది క్షమ కాదు, శిక్ష మార్పు. మన పేపర్లు తప్పేది ఇక్కడే. రాష్ట్రపతికి ఈ అధికారమిచ్చే రాజ్యాంగం 72వ అధికరణంలో పూర్తి మన్నింపు, అమలు వాయిదా, శిక్ష తగ్గింపు, శిక్ష మార్పు వేటికవే ఉన్నాయి. అన్నిటికీ ‘క్షమాభిక్ష’ అనే ఒకే స్టాంపు గుద్దుతున్నారు. మీ ఊరికి దగ్గరిదే చూడండి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకని ఎక్కిన ఇద్దరు యువకులు బస్సుకు నిప్పుపెడితే 23 మంది కాలిపోయారు. చంపాలనే ఉద్దేశం లేదు, పేద దళిత పిల్లలు అని ఒక పక్షం. పోయినవాళ్ల ఇళ్లల్లో ఏడుపు మీకు వినపడదా అని ఇంకో పక్షం. ఉరి పడ్డాక బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు రాష్ట్రపతికి విన్నవించారు. 1998లో కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. నేరాన్ని ఎవరూ మాఫీ చేయలేదు. అయినా ‘క్షమాభిక్ష’ అని రాసేసరికి, వదిలిపెట్టేశారట అని జనం అనుకున్నారంటే తప్పు జనానిది కాదు.

‘క్షమాభిక్ష కోసం డిమాండ్’ అని కూడా చదివాను. భిక్షను డిమాండ్ చేయడం మన తరానికే చెల్లింది. టీవీ కింద పరుగెత్తే అక్షరాల్లో ‘క్షమాబిక్ష’ సరేసరి, ఆ భకారానికి ఊపిరి పోయి చాలాకాలమైంది.

ఇక ‘ప్రసాదించారు’ గుడిలో మాట. రాష్ట్రపతి తన సొంత మూటలోంచి ఇచ్చేదేమీ లేదు, రాజ్యాంగం ద్వారా జనం చేతికిచ్చిన అధికారం అది. ‘భిక్ష పెట్టారు’ తెలుగు నుడికారమే గానీ ఆఫీసు పనికి నప్పదు. ‘మంజూరు చేశారు’ నాకు నచ్చదు, అయినా తప్పనలేను. ‘క్షమాభిక్ష’ చట్టాల అనువాదాల దాకా పాకింది, పీకితే రాదు. అర్జీ దశలో ‘ప్రాణభిక్ష’, ఫలితం వచ్చాక ‘శిక్ష మార్పు’ అని మీరు రాయండి. సబ్ ఎడిటర్ గారు దిద్దితే దిద్దనివ్వండి.