చుక్కలు లెక్కలేనన్ని ఉన్నాయంటారు, మరి రాత్రి ఆకాశం నల్లగా ఎందుకుంటుంది?

"సూర్యుడు ఉండడు కాబట్టి రాత్రి చీకటి, ఇందులో అడగడానికి ఏముంది" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. మీరు అడిగింది అది కాదు. విశ్వం నిండా నక్షత్రాలే అయితే, ఆకాశంలో ఎటు వేలు చూపించినా ఆ దారిలో దగ్గరో దూరమో ఏదో ఒక నక్షత్రం తగలాలి కదా, అలాంటప్పుడు చుక్కకూ చుక్కకూ మధ్య ఆ నలుపు ఎక్కడిది అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న నన్ను ఎనిమిదో తరగతి నుంచి పట్టుకుని ఉంది. అప్పుడు బడిలో అడిగితే "దూరంగా ఉన్నవాటి వెలుగు మన దాకా వచ్చేలోపు తగ్గిపోతుంది, అందుకే కనపడవు" అన్నారు. పదిహేనేళ్ళు అదే నిజమనుకున్నాను. ఇప్పుడు నేను మైదుకూరు దగ్గర పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తున్నాను కాబట్టి, ఆ జవాబు ఎందుకు చాలదో ముందు లెక్కతోనే చెప్తాను.

నక్షత్రం రెండింతల దూరం జరిగితే దాని వెలుగు మనకు నాలుగో వంతే అందుతుంది, అంతవరకు నిజమే. ఇప్పుడు మన చుట్టూ ఉల్లిగడ్డ పొరల్లాగా ఒకే మందం ఉన్న పొరలు ఊహించుకోండి. రెండింతల దూరంలో ఉన్న పొర వైశాల్యం నాలుగింతలు, అందులో పట్టే నక్షత్రాలూ నాలుగింతలు. ఒక్కోదాని వెలుగు నాలుగో వంతు, వాటి సంఖ్య నాలుగింతలు, చెల్లుకు చెల్లు. పదింతల దూరంలో పొర తీసుకున్నా అంతే, వెలుగు నూరో వంతు, నక్షత్రాలు నూరింతలు. అంటే ప్రతి పొర నుంచీ మనకు అంతే వెలుగు రావాలి, పొరలకు అంతు లేదు. ముందున్నవి వెనకవాటిని కప్పేస్తాయి కదా అని లెక్క సవరించినా, ఆకాశంలో ప్రతి చోటూ సూర్యబింబమంత ప్రకాశంగా మండుతూ ఉండాలని తేలుతుంది. మనకు పైన కనిపించే సగం ఆకాశంలో సూర్యబింబాలను పక్కపక్కన అతికించుకుంటూ పోతే దాదాపు 90 వేలు పడతాయి. ఒక్క సూర్యుడికే మే నెలలో మా కడప ఉడికిపోతుంది, 90 వేలంటే ఇంక ఊరు, ఏరు ఏమీ మిగలవు.

1610లోనే కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ ఇబ్బంది గుర్తించి, నక్షత్రాలకు ఎక్కడో ఒకచోట అంతు ఉంది కాబట్టే చీకటి ఉంది అన్నాడు. 1823లో జర్మనీలో ఓల్బర్స్ అనే వైద్యుడు, రాత్రిళ్ళు ఆకాశం చూడటమే ఆయన పని, దీని మీద రాశాడు, అందుకే పుస్తకాల్లో దీన్ని ఓల్బర్స్ పారడాక్స్, అంటే ఓల్బర్స్ చిక్కుముడి అంటారు.

లెక్క కాగితం మీద చేశాను గానీ, మనసుకు ఎక్కింది మాత్రం నల్లమలలో. కొన్నేళ్ళ కిందట శివరాత్రికి మా మేనమామతో కలిసి శ్రీశైలానికి అడవి దోవన నడిచి పోయాను. ఆత్మకూరు నుంచి వెంకటాపురం, అక్కడి నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఈ దోవలో నడిచినవాళ్ళకు తెలుస్తుంది. మాఘమాసం కాబట్టి చెట్లు ఆకులు రాల్చి మోడుల్లా ఉన్నాయి, చూపు బాగా లోపలికి పోతుంది. అయినా ఎటు చూసినా చివరికి ఒక మాను. రెండు మానుల సందులోంచి చూస్తే వెనక ఇంకొకటి, దాని పక్క సందులో ఇంకొకటి. "యాడ చూసినా మానులే అల్లుడా, సందు లేదు" అన్నాడు మామ, దోవ తప్పుతామేమోనన్న భయంతో. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది అచ్చంగా ఈ ప్రశ్నే. ఐదు మీటర్లకొక చెట్టు, మాను లావు పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, అడ్డదిడ్డంగా మొలిచిన అడవిలో సగటున నూరు మీటర్లు పోయేసరికి చూపు ఏదో ఒక మానుకు తగులుతుంది. చెట్లు పలచబడితే ఆ దూరం పెరుగుతుంది, కానీ అడవి తగినంత పెద్దదైతే ఎంత పలచగా ఉన్నా సందు మిగలదు.

ఆ రాత్రి పెద్దచెరువు గట్టున పడుకున్నాం. శివరాత్రి ముందు రోజులు కాబట్టి చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. గొల్లకావడి (ఒరాయన్ నడుములోని మూడు చుక్కలు) నడినెత్తికి దగ్గరగా ఉంది, దానికి పడమటగా పిల్లలకోడి (కృత్తికలు). ఆ పిల్లలకోడి చుక్కలు దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరం (వెలుగు ఏడాదిలో పోయేంత దూరం ఒక కాంతి సంవత్సరం), అంటే మేము చూస్తున్న వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండ నుంచి ఏలుతున్నారు. ఈ మాట చెప్పగానే మామ లేచి కూర్చున్నాడు. అడవిలో సందు లేదు, పైన మాత్రం అంతా సందే, అదెట్లా అని అడిగాడు.

నాకు తోచిన మొదటి జవాబు దుమ్ము. మధ్యలో దుమ్ము, మబ్బు లాంటిదేదో అడ్డం వస్తుందని ఓల్బర్స్ కూడా అలాగే అనుకున్నాడు. అది నిలవదు. మా ఇంట్లో పరిచింది కడప బండలే, పైన మిద్దె కూడా బండలదే. మే నెలలో పగలంతా ఎండ తాగిన ఆ మిద్దె రాత్రి రెండింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, మంచం బయట వేసుకోవాల్సిందే. వెలుగును మింగిన దుమ్మూ అంతే, అంతులేని కాలం మింగుతూ పోతే అది కూడా కాగి కాగి నక్షత్రం అంత వేడెక్కి తిరిగి వెలుగు కక్కాలి. దుమ్ము కొన్ని చుక్కలను మన కళ్ళకు మరుగు చేస్తుంది, పాలపుంతలో నల్లటి చారలు కనిపించేది అందుకే, కానీ మొత్తం ఆకాశం నలుపుకు అది కారణం కాదు.

అసలు కారణం వయసు. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, అయినా దానికీ టైం పడుతుంది. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్ళు, నక్షత్రాలు వెలగడం మొదలైంది ఇంకా తర్వాత. అంతకంటే ఎక్కువ కాలం ప్రయాణం చేయాల్సిన వెలుగు ఇంకా దారిలోనే ఉంది, మన దగ్గరికి రాలేదు. దీన్ని మొదట పసిగట్టినవాళ్ళలో అమెరికా కవి ఎడ్గార్ అలన్ పో ఒకడు, 1848లో. లెక్క కట్టి చూపించినవాడు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్, 1901లో. అడవిలో చేసిన లెక్కనే నక్షత్రాలకు పెట్టండి. అవి ఎంత పలచగా ఉన్నాయంటే, చూపు ఒకదానికి తగలాలంటే సగటున 1 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కాంతి సంవత్సరాలు పోవాలి. విశ్వం వయసేమో ఏళ్ళలో చూస్తే 1 పక్కన 10 సున్నాల దగ్గరే ఉంది. నల్లమలలో నూరు మీటర్లు చూడాల్సినవాడికి వెంట్రుక మందంలో లక్షో వంతు కూడా కనపడనట్టు. ఇంక సందు కాక ఏముంటుంది?

మామకు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద రెండెకరాలు ఉంది, అదీ చివరి ఆయకట్టు. కాలువ మొదలయ్యే సుంకేసుల ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో వచ్చిన రోజే ఆయన మడిలోకి నీళ్ళు రావు, ఎన్నో రోజులు కాలువలో గట్లు చూసుకుంటూ కూర్చోవాలి. నేను చెప్పింది విని "అంటే వదిలినారు గానీ ఇంకా మన కాలవకు రాలా, అంతేనా" అన్నాడు. అంతే. పదేళ్ళుగా ఎంతమందికి చెప్పినా ఇంత సులువుగా ఒక్క మాటలో నాకు రాలేదు.

"సరే, ఇంకా కాచుకుంటే వస్తాది గదా, అప్పుడు ఆకాశం తెల్లగా అయితాదా?" అని కూడా అడిగాడు. దీనికి జవాబు కూడా ఆయన మడిలోనే ఉంది. వానలు లేని ఏడాది నీళ్ళు చివరి ఆయకట్టుకు చేరకముందే పైన సుంకేసుల ఖాళీ అవుతుంది. నక్షత్రాలదీ అదే కథ. సూర్యుడి లాంటి నక్షత్రానికి ఆయుష్షు దాదాపు 1000 కోట్ల ఏళ్ళు, మినుకుమినుకుమనే చిన్నవి ఇంకా చాలా ఎక్కువ కాలం ఉంటాయి గానీ, అవి కూడా ఆ 23 సున్నాలకు ఏ మూలకూ రావు. అన్ని దిక్కుల నుంచీ వెలుగు వచ్చి నిండేలోపే ముందున్నవి ఆరిపోతాయి. ఆకాశాన్నంతా నింపేంత ఇంధనం నక్షత్రాల దగ్గర లేదు.

ఇక్కడ ఒక సంగతి, చాలామంది దీన్ని కలగాపులగం చేస్తారు. "విశ్వం వ్యాకోచిస్తోంది, అంటే సాగిపోతోంది, అందుకే చీకటి" అని చెప్తుంటారు. 1929లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చూపించిన వ్యాకోచం నిజమే, దూరపు గెలాక్సీల వెలుగును అది ఇంకా మసకబారుస్తుంది, కానీ నక్షత్రాల వెలుగు విషయంలో పెద్ద పని చేసింది వయసే. వ్యాకోచం లేకపోయినా ఇంత వయసు విశ్వంలో రాత్రి నల్లగానే ఉండేది. వ్యాకోచం అసలు అవసరం ఇంకో చోట. చూపు ఏ నక్షత్రానికీ తగలకుండా పోతూనే ఉంటే, అంటే కాలంలో వెనక్కి పోతూనే ఉంటే, చివరికి విశ్వానికి 3.8 లక్షల ఏళ్ళ వయసున్నప్పటి దగ్గరికి చేరుతుంది. అప్పుడు అంతటా దాదాపు 3000 డిగ్రీల వేడిలో ఉన్న వాయువు, కొలిమిలో ఇనుములా వెలుగుతూ ఉండేది. ఆ వెలుగు ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ వస్తోంది, మనం దానిలోనే ఉన్నాం. వ్యాకోచం వల్ల దాని తరంగాలు దాదాపు 1100 రెట్లు సాగి మైక్రోవేవ్‌లు అయిపోయాయి, అందుకే కంటికి అందవు. 1964, 65లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు తమ యాంటెన్నాలో పోనే పోని గరగర ఏంటా అని వెతికి, పావురాల రెట్టలు కూడా కడిగి చూసి, చివరికి పట్టుకున్నది దీన్నే. 1978లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. మా చిన్నప్పుడు మిద్దె మీద యాంటెన్నా తిప్పుతుంటే టీవీలో చీమలు పారినట్టు కనిపించేవి చూడండి, ఆ చీమల్లో కొద్ది భాగం ఆ తొలి వెలుగుదే. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

మీరు ఉండేది ప్రొద్దుటూరు, కర్నూలు లాంటి ఊరి నడిమధ్యన అయితే మీకు అసలు నలుపు కూడా సరిగ్గా కనపడదు, వీధిదీపాలకు ఆకాశం మసక రంగులో ఉంటుంది. అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ చూసుకుని గండికోట వైపో, మీ వాళ్ళ చేను దగ్గరికో పోండి. ఇరవై నిమిషాలు ఫోన్ వెలిగించొద్దు, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. చలికాలమైతే గొల్లకావడి నుంచి మొదలుపెట్టి పక్కనున్న ఖాళీలో, చుక్క అనేదే లేని ఒక చోట చూపు నిలపండి, పక్కన పిల్లలుంటే వాళ్ళతో కూడా అక్కడే చూపించండి. మా మామ ఆ రాత్రి చెరువు గట్టున తువ్వాలు తలకింద పెట్టుకుని చాలాసేపు అలాగే చూశాడు, నేను నిద్రపోయేటప్పటికి ఇంకా మేలుకునే ఉన్నాడు.