కువైట్ అకామా గడువు పెంచినా మీ అన్నయ్యకు ఎందుకు ఉపయోగపడలేదు

కరోనా కాలంలో సెలవు మీద ఊరికి వచ్చిన మీ అన్నయ్య అకామా (అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే నివాస అనుమతి) ఎలా పోయిందని, అప్పుడు కువైట్ ఇచ్చిన సడలింపులు ఆయనకు ఎందుకు అక్కరకు రాలేదని అడిగారు. 2020 అంతా నేను కువైట్‌లో కార్మికులు ఎక్కువగా ఉండే జిలీబ్‌లోనే, ఒక క్లీనింగ్ కంపెనీ స్టోరులో 18వ నంబరు వీసా (ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఇచ్చేది) మీద పనిచేశాను కనుక, చూసినంత వరకు చెబుతాను.

సడలింపులు ఇచ్చిన మాట నిజం. దేశంలో ఉన్నవారి అకామా గడువు తీరినా జరిమానా లేకుండా మొదట మే చివరి వరకు, తర్వాత ఆగస్టు, నవంబరు వరకు పొడిగించారు. ఆరు నెలలకు మించి బయట ఉంటే అకామా రద్దయ్యే నిబంధనను కూడా పక్కన పెట్టారు. అయితే ఊళ్లో ఉన్నవాడి అకామా గడువు తీరితే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయవలసింది కఫీలే, అంటే వీసా ఇచ్చిన యజమాని లేదా కంపెనీయే. ఆగస్టు 1న విమానాలు మొదలైనా మన దేశం నుంచి నేరుగా రానివ్వలేదు, దుబాయి లాంటి చోట 14 రోజులు ఉండి రావలసి వచ్చింది. పనులు ఆగిపోయిన కంపెనీ, ఎప్పుడు వస్తాడో తెలియని మనిషికి ఫీజు ఎందుకు కడుతుంది? మీ అన్నయ్య విషయంలో ఇదే జరిగి ఉంటుంది.

ఖల్లివల్లిగా, అంటే అకామా లేకుండా ఉన్నవారికి ఏప్రిల్‌లో క్షమాభిక్ష ఇచ్చారు. మనవాళ్లకు 16 నుంచి 20 వరకు. జరిమానా లేదు, టికెట్టు కూడా వాళ్లదే. కానీ మన దేశానికి విమానాలు మే నెలలో గాని మొదలు కాలేదు, అంతవరకు వాళ్లు క్యాంపుల్లోనే ఉండిపోయారు.

అకామా ఉన్న మా బతుకూ అంతంత మాత్రమే. ఏప్రిల్ 6న జిలీబ్, మహబూలా ప్రాంతాలను మూసివేసి జూలైలో గాని తెరవలేదు. జిలీబ్‌లోని హసావీలో ఒక గదిలో ఎనిమిది మందిమి, చేతిలో చెల్లే అకామా, జీతం మాత్రం లేదు, వేరే కంపెనీకి మారాలంటే ఉన్న కంపెనీ రిలీజ్ (మారడానికి ఒప్పుకోలు) ఇవ్వదు. గడువు పెంచారు గాని, కార్మికుణ్ణి కఫీల్ చేతిలోనే ఉంచారు. ఆ రోజుల్లో జరిగిన అసలు అన్యాయం ఇదేనని నా నమ్మకం.

మే నెలలో సూపర్‌వైజరు అరబ్బీ కాగితాలు తెచ్చి, సంతకం పెడితే ఇంటికి పంపుతామన్నాడు. పక్క గదిలోని ఈజిప్టు ఆయన చదివి చెబితే తెలిసింది, అందులో ఉన్నది 'నాకు రావలసిన జీతం, సర్వీసు డబ్బు (పని మానేటప్పుడు ఇచ్చే మొత్తం) అంతా ముట్టింది' అని. అప్పటికే మా గదిలోని రాయచోటి అబ్బాయి సంతకం పెట్టేశాడు, ఐదేళ్ల సర్వీసు డబ్బు పోయింది. నేను పెట్టలేదు కనుక నాకు ఆలస్యంగానైనా రెండు నెలల జీతం దక్కింది.

అక్కడి చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన ఏడాదిలోపు దావా వేయాలి, మీ అన్నయ్యకు ఆ గడువు దాటింది. అయినా సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే మన విదేశాంగ శాఖ వారి మదద్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఒక ఫిర్యాదు పెట్టి చూడండి. మళ్లీ వెళ్లే పక్షంలో ఒప్పందం కాపీ ఒకటి వదినగారి దగ్గర ఉంచమనండి, అరబ్బీ కాగితం ఏది ఇచ్చినా ఫొటో తీసి ఇంటికి పంపి, చదివించుకున్న తర్వాతే సంతకం పెట్టమనండి.