పైనుంచి తీసిన ఫోటో ఎందుకూ పనికిరాదు

"తోటలో, అడవిలో కనిపించే పుట్టగొడుగుల్ని ఫోటో తీసి యాప్‌లో పెడితే కచ్చితంగా గుర్తుపట్టొచ్చా?" అని అడిగారు. పేరు ఊహించడానికైతే పనికొస్తుంది. నోట్లో పెట్టుకునేదాకా వస్తే మాత్రం ఆ యాప్‌ని అస్సలు నమ్మను. మా పెరట్లో జరిగింది చెబుతాను.

నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక గడ్డిలో సగం చక్రంలా తెల్ల గొడుగులు లేచాయి. ఒక్కోటి అరచేతి కంటే పెద్దది. పైన గోధుమరంగు పెచ్చులు, కాడకి ఉంగరం. మా బావ నిలబడే ఒక ఫోటో కొట్టాడు. 92 శాతం నమ్మకంతో 'పారసోల్' అంది యాప్, పక్కనే తినొచ్చని ఆకుపచ్చ టిక్కు. అంతే, బుట్ట పట్టుకొచ్చేశాడు.

"ఒక్క రాత్రి ఆగు బావా" అన్నాను.

"రేపటికి వాడిపోతాయి కదా!" అని ఆయన గోల. చివరికి ఒకటి నా చేతిలో పెట్టి, మిగతావి ఫ్రిజ్‌లో దాచుకున్నాడు.

కాడ తీసేశాను. గొడుగు అడుగున పుస్తకంలో పేజీల్లా ఉండే మడతలు కిందికి వచ్చేలా, సగం తెల్ల కాగితం మీద, సగం నల్ల కాగితం మీద పడేట్టు పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించాను. మడతల్లోంచి రాలే స్పోర్స్, అంటే విత్తనాల్లాంటి సన్నటి పొడి, తెల్లదైతే తెల్ల కాగితం మీద కనపడదు, అందుకే రెండు రంగులు. పడుకునేముందు చూసినా మడతలు తెల్లగా, అమాయకంగానే ఉన్నాయి. పొద్దున గొడుగు ఎత్తితే కాగితం మీద సన్నటి ముగ్గుపిండి రాల్చినట్టు చక్రం ఊచల్లాంటి ముద్ర. రంగు మాత్రం పాచి పట్టిన ఆకుపచ్చ.

పారసోల్ ముద్ర తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చ పడిందంటే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. లేతగా ఉన్నప్పుడు మడతలు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చ తిరుగుతాయి. మోసపోయేది అక్కడే. బావ కాగితాన్ని కాసేపు తిప్పి చూసి "నిన్నటి టిక్కు రంగే కదరా" అన్నాడు.

అసలు నా కోపం యాప్ మీద కంటే 'చీమలు తింటున్నాయి, మనమూ తినొచ్చు' అనే పెద్దమనుషుల మీద. నత్తలు మనిషి ప్రాణం తీసే పుట్టగొడుగు డెత్ క్యాప్‌ని కూడా తింటాయి, వాటికేం కాదు. వెండి చెంచా నల్లబడితేనే విషం అనేది ఇంకో కట్టుకథ. ఉడికిస్తే పోతుందనేవాళ్లకైతే దణ్ణం. డెత్ క్యాప్ విషం ఉడికినా పోదు. చాలాసార్లు 6 నుంచి 12 గంటలదాకా ఏ బాధా తెలియదు, తర్వాత వాంతులు, ఆ తర్వాత తగ్గిపోయినట్టే ఉంటుంది. ఆ తగ్గిందనుకున్న రోజే లోపల లివర్ దెబ్బతింటూ ఉంటుంది.

దాన్ని పట్టించే పెద్ద గుర్తు కాడ మొదట్లో, మట్టిలో ఉండే తెల్లటి సంచి. మనవాళ్లేమో కాడ దగ్గర చక్కగా కోసి, గుర్తుని నేలలోనే వదిలేసి ఫోటో పెడతారు! పుట్ట మీద లేచేవాటిదీ అదే కథ. చెదలు గూట్లో పెంచుకునే బూజు నుంచి వస్తాయవి, కాడ కింద తోకలాంటిది గూటిదాకా దిగి ఉంటుంది. లాగితే తెగుతుంది, తవ్వాలి. పుట్టగొడుగు అని పేరు పెట్టినవాళ్లు ఎక్కడ మొలిచిందో చూసే పెట్టారు, ఫోటో చూసి కాదు.

పూలకుండీలో పసుపుపచ్చవి వచ్చాయని కంగారుపడే వాళ్లకి: మొక్కకేం కాదు, వదిలేయండి, తినకండి.

కింద ఫోటోలు పెట్టేవాళ్లు దయచేసి మూడు పెట్టండి. పైన ఒకటి, బోర్లా తిప్పి మడతలు కనిపించేలా ఒకటి, మొదలుతో సహా పెకలించి ఒకటి. దేని పక్కన, ఏ చెట్టు కింద మొలిచిందో కూడా రాయండి. పైనుంచి తీసిన ఒక్క ఫోటో పెట్టి 'తినొచ్చా?' అంటే నా జవాబు ఎప్పుడూ ఒకటే: వద్దు.