టోట్ రేటు ఎందుకు మారింది?

ప్రశ్న: సరదాకొద్దీ అప్పుడప్పుడు బెంగళూరు రేసులకు వెళ్తుంటాను. టోట్ (ఉమ్మడి పందెం) కౌంటరులో, నా గుర్రమే మొదట వస్తుందని కాసే విన్ టికెట్టు కొన్నప్పుడు బోర్డు మీద చూసిన రేటు, నా గుర్రం గెలిచినా చేతికి రాలేదు. ఎందుకని?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: టోట్‌లో మీరు పోటీ పడేది రేసులు నడిపే క్లబ్బుతో కాదు, తోటి పందెంరాయుళ్లతో. ఆ రేసులో విన్ టికెట్లపై వచ్చిన సొమ్మంతా ఒకచోట చేర్చి, అందులోంచి క్లబ్బు కమీషను, పన్నులు మినహాయించి, మిగిలినదాన్ని గెలిచిన గుర్రంపై కాసినవారికి వారి పందెం మేరకు పంచుతారు. కనుక బోర్డు మీది రేటు ఆ క్షణపు అంచనా మాత్రమే, చివరి నిమిషాల్లో అందరూ మీ గుర్రంపైనే డబ్బు కుమ్మరిస్తే (రేసుకోర్సులో గాలివార్తలకు కొదవేముంది!) మీ వాటా పలచబడుతుంది. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ నైపుణ్యం టోట్ రేటును ముందే పట్టివ్వదు. లైసెన్సున్న బుకీ దగ్గరైతే టికెట్టుపై రాసిన రేటే సాధారణంగా చెల్లుతుంది; రేసు మొదలయ్యే ముందు ఏదైనా గుర్రం తప్పుకుంటే మాత్రం కొంత కోత పడవచ్చు.