ప్రాగ్ నుంచి డ్రెస్డెన్‌కు: కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి

మీరు అడిగింది ఇదీ: "మేమిద్దరం ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ వెళ్తున్నాం. రైల్లో రెండున్నర గంటల లోపే. ఆ రోజు వృథా పోకుండా మధ్యలో ఎక్కడ దిగితే బాగుంటుంది?"

నన్నడిగితే ఎక్కడా దిగొద్దు.

మేం పోయినేడాది మే నెలలో చెక్ దేశపు ప్రాగ్ నుంచి జర్మనీలోని డ్రెస్డెన్‌కి ఈ దారిలోనే వెళ్లాం. అప్పటికి పది రోజులుగా పొద్దున చర్చి, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం వంతెన అన్నట్టు తిరిగీ తిరిగీ మా ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. "రేపు నేను అడుగు తీసి అడుగు వెయ్యను. కూర్చోబెట్టి చూపించేది ఏమన్నా ఉంటే చూపించండి" అంది. ఈ లైను సరిగ్గా అలాంటిదే. దాదాపు 190 కిలోమీటర్ల దారిలో సగానికి పైగా నది పక్కనే పోతుంది. బస్సులో వెళ్తే ఇంకా తొందరగా, ఇంకా చవగ్గా వెళ్లొచ్చు కానీ అది హైవే మీద పోతుంది, నది కనబడదు.

ముందు టైము సంగతి. హోటల్ గది పదకొండుకల్లా ఖాళీ చెయ్యాలి, అవతలి ఊళ్లో మూడింటికి గానీ గది ఇవ్వరు. అందుకే మేం పొద్దున్నే పరిగెత్తకుండా పన్నెండున్నర ప్రాంతంలో బయల్దేరే యూరోసిటీ, అంటే దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్, పట్టుకున్నాం. రెండేసి గంటలకో రైలుంది. భోజనం రైల్లోనే అయిపోతుంది, దిగేసరికి గది తయారుగా ఉంటుంది.

స్టేషన్‌కి ముప్పావుగంట ముందే వెళ్లండి. రైలు తప్పిపోతుందని కాదు. ప్రాగ్ మెయిన్ స్టేషన్‌లో అందరూ కింది హాల్లోనే తిరిగి, అక్కడి సూపర్‌మార్కెట్లో నీళ్ల సీసా కొనుక్కుని వెళ్లిపోతారు. పైన పాత భవనం ఉంది. యోసెఫ్ ఫాంటా అనే ఆర్కిటెక్ట్ గీసింది, 1909లో పూర్తయింది. గుమ్మటం కింద నిలబడి తలెత్తితే స్టేషన్లో ఉన్నట్టే ఉండదు. సంగీతకారుడు ద్వొర్జాక్‌కి రైళ్ల పిచ్చి. ఇప్పటి భవనం రాక ముందు ఇక్కడే ఉన్న స్టేషన్‌కి పని లేకపోయినా వచ్చి ఇంజన్లు చూసుకుంటూ నిలబడేవాడట. ఆయన పుట్టిన ఊరు కూడా మీ దారిలోనే తగులుతుంది, చెప్తాను.

ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద చివరి పది పదిహేను నిమిషాల్లో గానీ పడదు. అందరూ మెడలు పైకెత్తి బోర్డు కింద నిలబడి ఉంటారు, నంబరు పడగానే ఒక్కసారిగా కదులుతారు. సికింద్రాబాద్ స్టేషన్లో పెరిగినవాళ్లకి ఇదేం కొత్త కాదు.

మనవాళ్లు పొరబడేది సీటు దగ్గర. అక్కడ టికెట్ కొన్నంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. చిన్న మొత్తమే, కట్టేయండి, వారాంతంలో అయితే తప్పకుండా. టికెట్ మాత్రం చెక్ రైల్వేస్ సైట్‌లో ముందుగా తీసుకుంటే చాలా తక్కువకి వస్తుంది. సీటు ఎంచుకునేటప్పుడు ప్రాగ్ నుంచి వెళ్లే దిక్కులో కుడివైపు కిటికీ, డైనింగ్ కార్‌కి పక్క పెట్టె చూసుకోండి. ఎందుకో నా అవస్థ చదివితే తెలుస్తుంది.

ఊరు దాటగానే కుడిపక్క వల్తావా నది మొదలవుతుంది. ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి కింద మీరు చూసే నీళ్లే. క్రలుపి అనే ఊరు దాటాక చిన్న చిన్న సొరంగాలు, వాటి దగ్గర నెలహొజెవెస్ అనే పల్లె. ద్వొర్జాక్ 1841లో పుట్టింది అక్కడే. మన రైలు ఆగదు, కళ్లు మూసి తెరిచేలోపు దాటిపోతుంది. ఆయనకి పదేళ్లు వచ్చేసరికి, 1851లో, ఈ లైను డ్రెస్డెన్ దాకా తెరిచారు. ఇంటి ముందు నుంచే రైలు పోతుంటే పిచ్చి పట్టదూ మరి!

అక్కణ్నుంచి కాసేపు పొలాలే. ఆ కాసేపట్లో లేచి డైనింగ్ కార్‌కి వెళ్లిపోండి, ఎందుకంటే అసలు దృశ్యం లొవొసిట్సె అనే ఊరు దాటాక మొదలవుతుంది, అప్పటికి టేబుళ్లు నిండిపోతాయి.

ఆ డైనింగ్ కార్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఏమనుకోకండి. మన ప్యాంట్రీ కార్‌లా ట్రేలు పట్టుకుని పెట్టెలెంట తిరగడం కాదు. నిజంగా కుర్చీలూ బల్లలూ పింగాణీ ప్లేట్లూ ఉన్న హోటల్. పెట్టె ఆ చివర చిన్న వంటగది, అందులోంచి వెన్నలో ఉల్లిపాయ వేగుతున్న వాసన. బీరు డబ్బాలో ఇవ్వరు, కుళాయి తిప్పి గాజు గ్లాసులో నురగతో పడతారు. రైలు వంపు తిరిగినప్పుడు గ్లాసులో బీరు ఒక పక్కకి ఒరిగి, మళ్లీ నెమ్మదిగా మట్టానికొస్తుంది. నేను తాగడం మానేసి కాసేపు అదే చూస్తూ కూర్చున్నాను. ఆవేళ శనివారం, మా ఆవిడ నీచు ముట్టదు. మాంసం లేనిది కావాలని సైగలతో చెప్తే వెయిటరు మెనూలో ఒక వరస మీద వేలు పెట్టాడు. చీజ్ వేసిన పాస్తా వచ్చింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి కారప్పొడి జల్లుకుంది. వెయిటరు ఆ డబ్బా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఒక మాట: సూప్ కూరగాయలదే అని రాసున్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు, అడిగి తీసుకోండి. జేబులో మిగిలిన చెక్ చిల్లర కూడా ఇక్కడే వదిలించుకోండి, సరిహద్దు దాటాక ఆ నాణేలు ఎవరూ మార్చరు.

ఈలోగా కిటికీలో కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికొస్తాయి. ఇక పక్కన పారేది వల్తావా కాదు, అది వెళ్లి కలిసే లాబె, జర్మన్ల ఎల్బె. ఊస్తీ అనే ఊరి దగ్గర అవతలి ఒడ్డున నల్లటి రాతి మీద స్త్రెకోవ్ కోట. తర్వాత ద్యెచీన్ కోట. మా ఆవిడది కోనసీమ. "పాపికొండల్లో లాంచీ ఎక్కినట్టుంది, కుదుపు తక్కువ" అంది. సరిహద్దు దగ్గర ఒక తమాషా ఉంది. రైలు షోనా అనే చోట జర్మనీలోకి వచ్చేస్తుంది, కానీ అవతలి ఒడ్డున కనిపించే హ్రెన్‌స్కో ఇంకా చెక్ దేశమే. కాసేపు మీరో దేశంలో, కిటికీలో ఇంకో దేశం.

ఇక నా అవస్థ. రెండూ షెంగెన్ దేశాలే, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీ లేనివే కదా, ఎవరు చూస్తారులే అని పాస్‌పోర్టులు సూట్‌కేసులో అడుగున పెట్టి తాళం వేశాను. జర్మనీ కొన్నేళ్లుగా సరిహద్దుల్లో మళ్లీ తనిఖీలు చేస్తోంది. బాడ్ షాందావ్ స్టేషన్‌లో పోలీసులు ఎక్కారు. మేమేమో డైనింగ్ కార్‌లో, సూట్‌కేసేమో రెండు పెట్టెల అవతల. నేను ముందు, పోలీసాయన వెనక. నడవలోనే సూట్‌కేసు పడుకోబెట్టి చీరలు, కందిపొడి పొట్లం, మాత్రల డబ్బా ఒక్కొక్కటే పక్కన పెడుతుంటే ఆయన పాపం ఓపిగ్గా నిలబడ్డాడు. పాస్‌పోర్టులు దొరికి, ఆయన చూసి తిరిగిచ్చి, నేను తలెత్తేసరికి కోనిగ్‌స్టైన్ కోట వెళ్లిపోయింది. అదొక్కటే ఎడమవైపు, దాదాపు నెత్తి మీద ఉంటుంది, ముందు నుంచే కనిపెట్టుకుని ఉండాలి. రాతెన్ దగ్గర అవతలి ఒడ్డున ఆకాశంలోకి లేచిన ఇసుకరాతి స్తంభాలని, బస్టై అంటారు వాటిని, మా ఆవిడ ఒక్కతే చూసింది. ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

మధ్యలో దిగమని చాలామంది చెప్పేది ఈ చోట్లే. వీపున ఒక్క సంచీ ఉన్న కుర్రాళ్లయితే దిగొచ్చు. మనం రెండేసి సూట్‌కేసుల వాళ్లం. డ్రెస్డెన్ నుంచి ఎస్1 లోకల్ రైలు అరగంటకొకటి ఇదే నది వెంట వెనక్కి వస్తుంది. మర్నాడు చేతులూపుకుంటూ దాన్లో రాతెన్ వెళ్లి, పంటు మీద అవతలికి దాటాం. ఆ పంటుకి ఇంజన్ ఉండదు, నదిలో తాడు కట్టి ప్రవాహపు ఒరవడితోనే అటూ ఇటూ తిప్పుతారు. రాజోలు పిల్లకి అది బస్టై కన్నా ఎక్కువ నచ్చింది.

వీలైతే ఈ ప్రయాణం వాయిదా వెయ్యకండి. ఈ రెండు ఊళ్ల మధ్య కొండల కింద పొడవాటి సొరంగం తవ్వి కొత్త లైను వేసే ప్రణాళిక నడుస్తోంది. అది వస్తే గంటలో చేరిపోతారు, నది మాత్రం కిటికీలో ఉండదు.

డ్రెస్డెన్ చేరింది శనివారమైతే సాయంత్రమే పళ్లూ పాలూ కొని పెట్టుకోండి, ఆదివారం కొట్లు మూసేస్తారు. స్టేషన్ లోపలివి కొన్ని తెరిచి ఉంటాయి. ఆ స్టేషన్ కప్పు రేకు కాదు, ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థ 2006కల్లా తెల్లటి గుడ్డలాంటి పొర పరిచింది, లోపలికి వెలుగు వడగట్టినట్టు దిగుతుంది. బయటికి రాగానే పాత ఊరి వైపు పోయే నడక దారి ఉంది, దాని పేరు ప్రాగర్ ష్ట్రాసె, అంటే ప్రాగ్ వీధి. ఆ సంగతి మా ఆవిడకి చెప్పాను. బోర్డు వైపు ఓసారి చూసి, "అయితే వచ్చిన చోటికే వచ్చామన్నమాట. ట్రామ్ ఎక్కుదామా?" అంది.