మొరాయించే తుపాకి రాయి, తల్లీ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు తవ్వే గని, దాన్ని కాపలా కాసే పన్నెండు మంది సిపాయిలు, వాళ్ల మధ్య నలిగిపోయే ఆ డాక్టరమ్మ. మనుషులందరూ బాగా కుదిరారు. దళనాయకురాలు చనిపోయిన కుర్రాడి గ్లవ్స్ విప్పే చోట చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. కానీ తుపాకులు బయటికి తీసిన ప్రతిసారీ నాకు కథ మీద నమ్మకం సడలింది. నీ ప్లాస్మా రైఫిల్ ఎప్పుడూ పేలుతుంది, ఎప్పుడూ గురి తగులుతుంది, ఎవరికీ బరువనిపించదు.

ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా చేశాను కదా, సిపాయిల తుపాకులు బాగుచేయడమే నా పని. బాగా పనిచేసే తుపాకి నా బల్ల మీదికి ఏనాడూ రాలేదు. అందుకే కొత్త ఆయుధం ఏది చూసినా నేను మొదట అడిగేది, ఇది ఎలా మొరాయిస్తుంది అని. నువ్వూ అక్కణ్ణుంచే మొదలుపెట్టు. ఎంత దూరం కొడుతుంది, ఎంత మందిని చంపుతుంది అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

ముందు శక్తి లెక్క చేద్దాం. ఇవాళ్టి 5.56 మి.మీ. రైఫిల్ తూటా బరువు 4 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకి దాదాపు 930 మీటర్లు. అంటే సుమారు 1,700 జౌల్స్ శక్తి. దాన్ని తోసే మందుగుండు పొడి 1.7 గ్రాములే, చిటికెడు. ఆ చిటికెడులో 6,000 జౌల్స్ పైనే ఉంటాయి. అందులో మూడో వంతు కూడా తూటాకి అందదు, మిగతాదంతా వేడిగా, మంటగా, చప్పుడుగా పోతుంది. ఇంత దుబారా చేసే పొడిని కూడా ఇప్పటిదాకా ఏదీ పక్కకి నెట్టలేకపోయింది. ఎందుకో చెప్తాను.

మన చేతిలోని ఫోన్ బ్యాటరీలో 50,000 జౌల్స్ ఉంటాయి. లెక్కప్రకారం అది ముప్ఫై తూటాల శక్తి, తుపాకికి తగిలించే తూటాల పెట్టె, అంటే నిండు మ్యాగజైన్‌తో సమానం. మరి బ్యాటరీ తుపాకి ఎందుకు రాలేదు? తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు. అంత తక్కువ సమయంలో 1,700 జౌల్స్ ఇవ్వాలంటే ఆ క్షణానికి 17 లక్షల వాట్లు కావాలి. బ్యాటరీ అంత వేగంగా ఇవ్వలేదు. మధ్యలో కెపాసిటర్ పెట్టాలి, కరెంటుని పోగుచేసి ఒక్కసారిగా వదిలే పరికరం అది. మిల్లీసెకనులో మొత్తం వదిలేయగల కెపాసిటర్లేమో ఇవాళ కిలోకి ఒకటి రెండు వేల జౌల్స్ దగ్గరే ఉన్నాయి. శక్తి దాచుకోవడం ఒకటి, దాన్ని ఒక్క విసురులో వదలడం మరొకటి. కొత్తగా రాసేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

నువ్వు రెండో అధ్యాయంలో రాసిన విద్యుదయస్కాంత తుపాకినే తీసుకో. ఒక గ్రాము గుండుని సెకనుకి 3,000 మీటర్ల వేగంతో విసురుతుందన్నావు. గుండులో ఉండే శక్తి 4,500 జౌల్స్. యంత్రం సామర్థ్యం 30 శాతం అనుకున్నా ఒక్కో షాట్‌కి 15,000 జౌల్స్ కావాలి. ఇవాళ్టి కెపాసిటర్లతో అయితే అది పది కిలోల మూట. నీ కథ 2140లో జరుగుతుంది కాబట్టి కెపాసిటర్లు పదిరెట్లు మెరుగయ్యాయని రాసుకో, నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్క అబద్ధం పాఠకుడు ఇష్టంగానే ఒప్పుకుంటాడు. కానీ ఆ అబద్ధం వెంట వచ్చేవన్నీ నువ్వు రాయాలి. వంద షాట్ల శక్తిని వీపు మీద మోస్తున్న సిపాయి దగ్గర 15 లక్షల జౌల్స్ ఉంటాయి. అది మూడున్నర వందల గ్రాముల టి.ఎన్.టి. పేలుడు మందుతో సమానం. ఆ మూటకి బెజ్జం పడితే ఏమవుతుంది? పక్కన నడిచేవాళ్లు ఎంత దూరం పాటిస్తారు? ఆ మూట మోసేవాడితో కలిసి కూర్చోవడానికి ఎవరైనా వెనకాడతారా? చూశావా, లెక్కలోంచే ఒక సన్నివేశం వచ్చింది.

ఇలాంటి తుపాకిలో గుండు కరెంటు పారే రెండు లోహపు పట్టాల మధ్య దూసుకుపోతుంది (అదే రైల్‌గన్), ఆ పట్టాల సంగతి కూడా గుర్తుపెట్టుకో. అమెరికా నౌకాదళం 2010 డిసెంబరులో 33 మెగాజౌల్స్ రైల్‌గన్‌ని పరీక్షించింది. ఓడ మీద పెట్టాలనుకున్న పెద్ద యంత్రం అది. 2021లో ఆ పని ఆపేశారు. కాల్చిన కొద్దీ పట్టాలు అరిగిపోవడం వాళ్లని చివరిదాకా వేధించిన సమస్యల్లో ఒకటి. నీ సిపాయి చేతిలోని చిన్న తుపాకికీ అదే జబ్బు ఉండాలి. రెండు వందల షాట్లకి పట్టాలు మార్చాలి, అరిగిన పట్టాలతో కాలిస్తే గురి పక్కకి పోతుంది, కొత్త పట్టాలు సరఫరా ఓడలోనే రావాలి అని రాయి. మీ దళనాయకురాలు రాత్రిళ్లు కూర్చుని షాట్లు లెక్కపెట్టుకుంటుంది అప్పుడు.

ఇక వేడి. దీని గురించి నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఊహాకథల్లో దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ఇత్తడి తూటా గుల్ల పేలాక బయటికి ఎగిరిపోతుంది కదా. అది చెత్తలాగా కనిపిస్తుంది గానీ, పోతూ పోతూ కొంత వేడిని కూడా మోసుకుపోతుంది. జర్మనీలో జి-11 అనే రైఫిల్ చేశారు. తూటాకి గుల్లే లేదు, పొడినే అచ్చు పోసి గుండు చుట్టూ పెట్టారు. బరువు తగ్గింది, మ్యాగజైన్‌లో యాభై పట్టాయి. గుల్ల లేదు కాబట్టి వేడి లోపలే ఉండిపోయింది. మొదటి నమూనాల్లో గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు వేడెక్కి, తూటా దానంతటదే పేలిపోయేది. వేడిని తట్టుకునే కొత్త పొడి కనిపెట్టి ఏళ్ల తరబడి కష్టపడితే గానీ అది లొంగలేదు. అంతా సరిచేసేసరికి 1990లో జర్మనీ ఏకమైంది, సైన్యం ఖర్చులు తగ్గించుకుంది, తుపాకి వాడకంలోకి రాకుండానే పోయింది. అంత మంచి పనితనం అలా అటకెక్కడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చంద్రుడి మీద ఈ బాధ రెట్టింపు. అక్కడ గాలి లేదు. గొట్టాన్ని చల్లార్చేది ఏదీ లేదు, వేడి మెల్లగా కిరణాల రూపంలో పోవాల్సిందే. నీ లేజర్ తుపాకి 10,000 జౌల్స్ కాంతి వదులుతుందనుకో. అది తీసుకున్న కరెంటులో మూడో వంతు కాంతిగా ఇస్తుందనుకో. మిగిలిన 20,000 జౌల్స్ తుపాకిలోనే వేడిగా ఉండిపోతాయి. అంత వేడికి కిలో అల్యూమినియం 22 డిగ్రీలు వేడెక్కుతుంది. పది షాట్లు వరసగా కాలిస్తే ఏమవుతుందో నువ్వే లెక్క కట్టు. చంద్రుడి మీద లేజర్ కిరణం కంటికి కనిపించదని కూడా మరిచిపోకు. దాన్ని చెదరగొట్టి చూపించే గాలి గానీ పొగ గానీ అక్కడ లేదు. నువ్వు రాసిన ఎర్రటి గీతలు తీసెయ్. ఏ శబ్దమూ లేకుండా, ఏ గీతా కనిపించకుండా, ఎదుటివాడి సూట్ మీద ఒక చుక్క ఎర్రబడటం ఎంత భయంగా ఉంటుందో ఊహించు.

మందుగుండు పొడి అక్కడ పనిచేయదని మూడో అధ్యాయంలో రాశావు. పనిచేస్తుంది. కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. సోవియట్ వాళ్లు సల్యూత్-3 అంతరిక్ష కేంద్రానికి ఫిరంగి బిగించి, 1975 జనవరిలో మనుషులు లేని సమయంలో కాల్చి చూశారు కూడా. చంద్రుడి మీద పాత తుపాకిని ఇబ్బంది పెట్టేవి వేరే. శూన్యంలో మామూలు నూనెలు ఆవిరైపోతాయి. నూనె లేని లోహం లోహాన్ని రాసుకుంటే ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఎండలో 120 డిగ్రీలు, ఎప్పుడూ ఎండ పడని గుంటల్లో సున్నాకి 200 డిగ్రీలకన్నా కింద. ఇంత తేడాకి అన్ని భాగాలూ ఒకేలా సాగవు, ముడుచుకోవు. బ్యాటరీ గుంటలోకి దిగగానే డీలా పడుతుంది.

అన్నిటికన్నా దుమ్ము. అపోలో యాత్రికులు మూడు రోజులు బయట తిరిగేసరికి సూట్ జిప్పులు, మణికట్టు కీళ్లు పట్టేశాయి. చంద్రుడి దుమ్ముని అరగదీసే గాలీ నీరూ లేవు కాబట్టి ప్రతి రేణువూ పగిలిన గాజుముక్కలా పదునుగా ఉంటుంది, తాకినదానికల్లా అంటుకుంటుంది. లోపలికి వచ్చి హెల్మెట్ తీశాక ఆ దుమ్ము కాల్చిన తుపాకి మందు వాసన వేసిందని వాళ్లు చెప్పారు. నీ సిపాయిలకి ఆ వాసన ఇవ్వు తల్లీ. తుపాకి పేల్చకముందే ముక్కులో తుపాకి మందు వాసన. ఆ దుమ్ము రేణువొకటి లేజర్ అద్దం మీద పడితే కాంతిని పీల్చుకుని కాలి, అద్దాన్నే పగలగొడుతుంది. అద్దం తుడవడానికి గుడ్డ పెడితే గీతలు పడతాయి. నీ ఆర్మరర్ దాన్ని ఎలా శుభ్రం చేస్తాడో ఒక పేరా రాశావంటే నేను ఆ పేజీని గుర్తుపెట్టుకుంటాను.

దూరం సంగతి కూడా నీకు తట్టలేదేమో. గాలి లేదు, ఆకర్షణ మన భూమి మీద ఉన్నదానిలో ఆరో వంతు. మామూలు రైఫిల్ తూటాని వాలుగా పైకి కాలిస్తే 500 కిలోమీటర్లు దాటి పడుతుంది, పడేటప్పుడూ గొట్టం వదిలిన వేగంతోనే పడుతుంది. సెకనుకి 1.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా కాలిస్తే, దారిలో కొండ తగలకపోతే, అది చంద్రుణ్ణి చుట్టేసి 108 నిమిషాలకి కాల్చినవాడి వెనకనుంచి వస్తుంది. సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో పోయే నీ గుండు ఇక చంద్రుడికి తిరిగి రాదు, 2.4 దాటితే చాలు తప్పించుకుపోతుంది. గురి తప్పిన ప్రతి తూటా ఇంకో గని మీద పడగలిగే చోట సైన్యం ఎలాంటి ఆయుధం ఇస్తుంది? నాకు తోచింది చెప్తాను: కొంత దూరం పోయాక దానంతటదే పొడి అయిపోయే గుండు. అప్పుడు కొన్ని గుండ్లు పొడి కాకుండా మిగిలిపోవాలి. వాటిలో ఒకటి ఎక్కడ పడిందన్నదే నీ రెండో భాగం కావచ్చు.

వెనక్కి తన్నడం గురించి క్లుప్తంగా. కరెంటుతో విసిరినా, పొడితో విసిరినా తన్ను ఉంటుంది, ముందుకి పోయినదానికి సమానంగా. లేజర్‌కి మాత్రం చెప్పుకోదగ్గ తన్ను ఉండదు.

బరువు గురించి. నిండు మ్యాగజైన్ అర కిలో, ఏడు మ్యాగజైన్లు మూడు కిలోల పైన. దానికి నీళ్లు, కవచం, రేడియో, బ్యాటరీలు కలిపితే సిపాయి మోసేది ముప్ఫై కిలోలు తేలిగ్గా దాటుతుంది. అమెరికాలో ఎక్స్‌ఎం-25 అని 25 మి.మీ. ఆయుధం చేశారు. దూరం తనే కొలిచి, గోడ వెనక దాక్కున్నవాడి తల మీదికి వెళ్లి గాలిలో పేలే గుండు. 2010 చివర్లో అఫ్గానిస్తాన్‌కి పంపారు. తెలివైన ఆయుధమే. కానీ ఆరు కిలోల పైన బరువు, మ్యాగజైన్‌లో నాలుగైదు గుండ్లే, అది మోసేవాడు మామూలు రైఫిల్ కూడా మోయాలంటే కష్టం. 2018లో దాన్ని రద్దు చేశారు. నీ కథలోనూ ఒక తెలివైన ఆయుధాన్ని సిపాయిలు స్టోర్‌రూమ్‌లోనే వదిలి వెళ్లాలి.

సిపాయి ఆయుధాన్ని పుస్తకంలో రాసినట్టు వాడడు, ఇది కూడా రాయి. మా దగ్గర ఒకసారి ఒకే ప్లటూన్ రైఫిళ్లు పదే పదే ఇరుక్కుపోయాయి. బోల్ట్ చూశాను, స్ప్రింగులు చూశాను, గొట్టాలు చూశాను, ఏమీ లేదు. నాలుగో రోజున తెలిసింది: కుర్రాళ్లు మ్యాగజైన్ పెదవులతో, అంటే తూటాని పట్టి ఉంచే పై అంచులతో, సీసా మూతలు తీస్తున్నారు. పెదవి కాస్త వంగితే తూటా సరిగ్గా లేవదు. ఇజ్రాయెల్ వాళ్లు ఈ సంగతి గ్రహించే గలీల్ రైఫిల్‌కి మూత తీసే ఏర్పాటు కూడా పెట్టారు. నీ 2140 సిపాయి తన తుపాకిని తుపాకి కాని పని దేనికి వాడతాడు? చలికి వేళ్లు కాచుకోవడానికా? కెపాసిటర్ మూట నుంచి హీటర్ నడుపుకోవడానికా? అలా వాడినందువల్ల అవసరానికి ఏం తక్కువ పడుతుంది?

ఆయుధం ఎందుకు పుట్టిందో కూడా పాఠకుడికి తెలియాలి. 1965లో సోవియట్ వాళ్ల వొస్ఖోద్-2 అంతరిక్ష నౌక దారి తప్పి రష్యాలోని టైగా అడవిలో దిగింది. తోడేళ్లు, ఎలుగుబంట్లు తిరిగే మంచు అడవిలో ఇద్దరు వ్యోమగాములు సాయం కోసం ఎదురుచూశారు. ఆ అనుభవంలోంచే మూడు గొట్టాల టీపీ-82 పిస్తోలు వచ్చింది. రెండు లోపల నున్నటి గొట్టాలు, ఒకటి లోపల మరలు తిరిగింది, విడదీసే మడమలో కత్తి. చూడగానే అది ఎవరికోసమో తెలిసిపోతుంది. నీ గని తుపాకి చూడగానే కూడా తెలియాలి. అది మనిషి కోసమా, డ్రోన్ కోసమా, గోడ కోసమా? సొరంగంలో గాలి నింపిన గోడకి బెజ్జం పెట్టకుండా మనిషిని ఆపాలంటే నెమ్మదిగా పోయే, మెత్తగా చిట్లే గుండు కావాలి. బయట సూట్ కవచాన్ని చీల్చాలంటే దానికి పూర్తిగా వ్యతిరేకం. రెండు పనులూ చేసే ఒకే ఆయుధం రాయకు. తప్పు మ్యాగజైన్ పెట్టుకుని లోపలికి వచ్చిన సిపాయి నీకు దొరుకుతాడు.

అందరి చేతుల్లో కొత్తవే పెట్టకు. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ మొదటి ప్రపంచయుద్ధం చివర్లో మొదలుపెట్టిన బరువు మెషిన్‌గన్‌ని 1933లో అమెరికా సైన్యం ఎం-2 పేరుతో తీసుకుంది, అది ఇప్పటికీ వాడకంలో ఉంది. నీ గనిలోనూ ఎవరి తాతో వాడిన తుపాకి ఒకటి ఉండాలి, దాని విడిభాగాలు ఆర్మరర్ తనే కోసి చేసుకుంటూ ఉండాలి.

చట్టాలు కూడా ఉంటాయి. కళ్లు పోగొట్టడానికే చేసిన లేజర్లని 1995 ఒప్పందం నిషేధించింది. 400 గ్రాములకన్నా తక్కువ బరువుండే పేలే గుండ్లని 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిషేధించారు. నీ కాలానికి ఏవి నిలిచాయో, ఏవి చెరిగాయో ఒక్క వాక్యంలో చెప్పినా చాలు.

ఇప్పుడు మూడో అధ్యాయంలో ఆ పోరాటం. ఆ కుర్రాడు చనిపోయింది శత్రువు తెలివివల్ల అన్నావు. నాకు అది నమ్మబుద్ధి కాలేదు. ఎం-16 రైఫిల్‌కి ట్రిగ్గర్ కింది కాపు కిందికి తెరుచుకుంటుంది, మందపాటి గ్లవ్స్ వేసుకున్న వేలు దూరడానికి. ఉబ్బిన స్పేస్‌సూట్ గ్లవ్స్ అంతకన్నా ఎంతో బిరుసు, వేలు మడిచిన ప్రతిసారీ స్ప్రింగు నొక్కినట్టే ఉంటుంది. ఆ గ్లవ్స్‌తో, ఎండపడని గుంటలో, దుమ్ము పట్టిన గాడిలో ఆ కుర్రాడు మ్యాగజైన్ మార్చబోయాడనుకో. మొదటిసారి కూర్చోలేదు. తీసి చూశాడు, చీకట్లో ఏమీ కనిపించలేదు, మళ్లీ పెట్టాడు. ఆ ఏడెనిమిది సెకన్లు పూర్తిగా రాయి. తర్వాత దళనాయకురాలు ఆ గ్లవ్స్ విప్పేటప్పుడు వేళ్ల దగ్గర ఏం చూస్తుందో నీకే తెలుస్తుంది.

ఆ రెండు పేజీలూ తిరగరాసి పంపు. మీ అమ్మని అడిగానని చెప్పు. కళ్లజోడు మార్పించుకున్నాను, ఈసారి అక్షరాలు మరీ పెద్దవి చేయనక్కర్లేదు.

ఆశీస్సులతో,
మామయ్య